ట్రయల్ రన్ ముగియకుండా ప్రారంభ తేదీ ప్రకటించకండి: కొత్త లైట్ రైల్ తెరవబోతున్నవారికి బహిరంగ లేఖ

కొత్త లైట్ రైల్ లైను తెరవబోతున్న అధికారులకు, దాన్ని నడపబోయే సంస్థకు, చివరి కాగితం మీద సంతకం పెట్టబోయే ప్రతి ఒక్కరికీ,

నమస్కారం. లైట్ రైల్ అంటే ఊళ్లో రోడ్ల మీద ట్రామ్‌లు నడిచే లైను. మీ లైను ఏ ఊళ్లోదైనా కావచ్చు, ఎన్ని కిలోమీటర్లదైనా కావచ్చు, ఈ ఉత్తరం మీకే. నేను కొన్నేళ్లపాటు కొత్త లైన్ల టెస్టింగ్ టీముల్లో పనిచేశాను. పెద్ద హోదా ఏమీ కాదు. అర్ధరాత్రి దాటాక హెల్మెట్ పెట్టుకుని, మెరిసే జాకెట్ వేసుకుని, ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కాగితాల అట్ట పట్టుకుని ఖాళీ ట్రామ్ పక్కన నడిచే మనుషులు ఉంటారే, వాళ్లలో ఒకణ్ణి. అందుకే ఎక్కడైనా సరే ప్రారంభ తేదీ ఖాయమైందట, ప్రయాణికులు లేకుండా నడిపి చూసే ట్రయల్ రన్ మాత్రం ఇంకా మొదలవ్వలేదట అని వింటే నాకు సంతోషం కంటే ముందు టెన్షన్ వస్తుంది.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. తేదీ పెట్టేసి, దానికి తగ్గట్టు టెస్టింగ్‌ను కుదించకండి. టెస్టింగ్ పూర్తయ్యాకే తేదీ చెప్పండి. ఎంత వస్తే పాస్, ఎంత వస్తే ఫెయిల్ అన్నది ట్రయల్ రన్ మొదలవ్వకముందే రాసి జనానికి చూపించండి, ఆ తర్వాత ఏం జరిగినా ఆ గీతను కిందికి దించకండి. ఎందుకు ఇంతగా అడుగుతున్నానో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, దయచేసి ఓపిగ్గా చదవండి.

ప్రాజెక్టుల్లో జరిగేది దాదాపు ప్రతిసారీ ఒకటే. భూమి చేతికి రావడం ఆలస్యం, రోడ్డు కింద పైపులు మార్చడం ఆలస్యం, పట్టాలు వేయడం ఆలస్యం, కరెంటు ఇవ్వడం ఆలస్యం, ఫ్యాక్టరీ నుంచి ట్రామ్‌లు రావడం ఆలస్యం. ప్రతి ఒక్కరూ తమ ఆలస్యాన్ని తర్వాతివాళ్ల మీదకు తోస్తూ వస్తారు. ఆ వరుసలో చిట్టచివర ఉండేది టెస్టింగ్ వాళ్లు. తోయడానికి వాళ్ల వెనక ఇంకెవరూ లేరు, ఉన్నదల్లా ప్రారంభ తేదీ ఒక్కటే. దాంతో ఆరు నెలలు అనుకున్న పని మూడు నెలలకు వస్తుంది, పగలు చేయాల్సిన టెస్టు రాత్రికి మారుతుంది, ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సినవి పక్కపక్కనే చేసేస్తారు. కాంక్రీటు పోసిన మర్నాడే దాని మీద బరువు ఎత్తమని ఏ అధికారీ అడగడు, గట్టిపడటానికి టైం పడుతుందని అందరికీ తెలుసు కాబట్టి. టెస్టింగ్‌కి కూడా అలాగే టైం కావాలని మాత్రం తట్టదు, ఎందుకంటే ట్రామ్ కళ్లెదురుగా కదులుతూనే ఉంటుంది, తళతళలాడుతూ ఉంటుంది, చూసేవాళ్లకు అంతా అయిపోయినట్టే ఉంటుంది.

ఆ కదలడం వెనక ఏముంటుందో చెప్తాను. కొత్త లైను మీదకి ట్రామ్ మొదటిసారి తన కరెంటుతో తాను రాదు, ఇంకో బండి దాన్ని లాక్కుంటూ వస్తుంది. ట్రామ్‌కి రెండు పక్కలా థర్మాకోల్ ముక్కలు అంటిస్తారు. మలుపులో బండి మధ్యభాగం లోపలికి ఎంత వస్తుంది, చివరలు బయటికి ఎంత పోతాయి, జనంతో నిండి ఊగితే ఇంకెంత కలుస్తుంది, ఇవన్నీ లెక్కేసి ఆ కొలతకు కోసిన ముక్కలవి. బండి మనిషి నడకంత వేగంతో వెళ్తుంది. ఇద్దరు ముందు, చెరో పక్కన ఇద్దరేసి. ఎక్కడ ఏ స్తంభానికో ప్లాట్‌ఫాం అంచుకో తగిలినా థర్మాకోల్ కిర్రుమంటుంది. ఆ రాత్రి నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఎంత దూరానికైనా వినిపిస్తుంది. అందరం ఆగిపోతాం, టేపు పెట్టి కొలుస్తాం, రాసుకుంటాం, మళ్లీ కదులుతాం. ఒక రాత్రికి ఒక కిలోమీటరు కూడా పూర్తవ్వని రోజులు ఉన్నాయి. ఒకచోట ప్లాట్‌ఫాం అంచు రాయి పన్నెండు మిల్లీమీటర్లు ముందుకొచ్చి ఉంది. చూస్తే తెలియదు, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. అంచు దగ్గరైతే బండి రాసుకుంటుంది, దూరమైతే వీల్‌చెయిర్ ముందు చక్రం ఆ సందులో పడుతుంది. ఈ రెండు ప్రమాదాలకీ మధ్య ఉన్న చోటు చాలా చిన్నది. ఆ రాత్రి మేం మిగతా పని ఆపేసి, ఆ ప్లాట్‌ఫాం మొత్తం మళ్లీ కొలిచాం.

ఆ టెస్టు పాసయ్యింది, సంతకాలు అయ్యాయి. మూడు వారాల తర్వాత వేరే పని చేసేవాళ్లెవరో వచ్చి, ఇంకో ప్లాట్‌ఫాం చివర ప్రయాణికుల కోసం ఒక సమాచార బోర్డు బిగించి వెళ్లారు. వాళ్ల డ్రాయింగు ప్రకారం అది సరైన చోటే. మా కాగితాల ప్రకారం ఆ ప్లాట్‌ఫాం దగ్గర అడ్డం ఏమీ లేదు. వాళ్ల కాగితం మా దగ్గరికి రాలేదు, మా కాగితం వాళ్ల దగ్గరికి పోలేదు. ఆ తర్వాత ముప్ఫై కిలోమీటర్ల వేగంతో వచ్చిన ట్రామ్ పక్క కెమెరాని ఆ బోర్డు అంచు ఊడగొట్టింది. టెస్టు రన్ కాబట్టి లోపల జనం లేరు, ప్లాట్‌ఫాం మీదా ఎవరూ లేరు. కెమెరా ముక్కలు మాత్రం ప్లాట్‌ఫాం మీద, సరిగ్గా జనం నిలబడే చోట పడ్డాయి. ఆ ముక్కలు ఏరింది నేనే. ఆ ఊడిన కెమెరాని చేత్తో పట్టుకున్నప్పుడు వచ్చిన భయం ఇప్పటికీ పోలేదు.

అందుకే మీరు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఒక తేదీ ఉంటుంది కదా, ఆ తేదీ తర్వాత లైను మీద ఎవరు ఏం బిగించినా, ఏం మార్చినా, ఒక్క సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినా ఆ సర్టిఫికెట్‌లో దానికి సంబంధించిన భాగం చెల్లదనే లెక్కలో ఉండాలి. మళ్లీ టెస్టు చేయాలి. "చిన్న మార్పే కదా" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బోర్డు కూడా చిన్న మార్పే.

బ్రేకుల సంగతికి వస్తాను, ఎందుకంటే లైట్ రైల్ విషయంలో జనానికి సరిగా తెలియనిది ఇదే. ఇది రోడ్డు మీద, కార్ల మధ్య, నడిచేవాళ్ల మధ్య తిరిగే రైలు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లుతుంది, రబ్బరు టైరుకున్న పట్టు దానికి లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. డ్రైవరు కన్ను చూసి, బుర్ర గ్రహించి, చెయ్యి కదిలేలోగా ఒకటిన్నర సెకను పోయిందనుకుంటే బ్రేకు పడకముందే 20 మీటర్లు దాటిపోతుంది. అక్కణ్ణుంచి ఆగడం మొదలు. అందుకే ట్రామ్‌కి మామూలు బ్రేకులతో పాటు, నేరుగా పట్టానే పట్టుకునే అయస్కాంత బ్రేకు ఉంటుంది, చక్రం ముందు ఇసుక చల్లే ఏర్పాటు ఉంటుంది.

ఇవన్నీ ఖాళీ బండితో ఒక ఎండ రోజున టెస్టు చేసి పాస్ అనడం తేలిక. పూర్తిగా నిండిన బండి బరువు రావాలంటే ఇసుక బస్తాలో నీళ్ల పీపాలో ఎక్కించాలి, ఎక్కించి మళ్లీ అదే వాలులో, అదే మలుపులో చూడాలి. వాన సంగతి ఇంకా వేరు. కుండపోత వాన కంటే, చాలా రోజులు ఎండకాసిన తర్వాత పడే సన్న తుంపర ఎక్కువ ప్రమాదం. పట్టా మీద పేరుకున్న దుమ్మూ నూనే ఆ కాస్త తడితో కలిసి జిగటగా పలచటి పొరలాగా అవుతాయి, పెద్ద వానైతే వాటిని కడిగేస్తుంది. ఒకే కాలంలో చేసిన టెస్టింగ్‌తో ఇదంతా తెలియదు. అన్ని కాలాలూ అయ్యేదాకా ఆగమని నేను అనట్లేదు, అది కుదరదని నాకూ తెలుసు. కానీ చూడని కాలం ఏదో కాగితం మీద రాసుకోండి, ఆ కాలం వచ్చినప్పుడు వేగం తగ్గించి నడపడానికి ముందే ప్లాన్ పెట్టుకోండి.

తలుపులు, గంట, కెమెరా, రేడియో, పైనుంచి కరెంటిచ్చే ఓవర్‌హెడ్ వైరు, ఇవన్నీ విడివిడిగా పాసవుతాయి. కలిపి నడిపినప్పుడే అసలు కథ బయటపడుతుంది. ఒక లైను మీద మాకు రోడ్డు సిగ్నళ్లు, ట్రామ్ సిగ్నళ్లు రెండూ కాగితం మీద వంద శాతం పాస్. టెస్టులన్నీ రాత్రిళ్లు జరిగాయి, రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా అని. చివరకు ఒకసారి సాయంత్రం టైంటేబుల్ ప్రకారం నడిపితే, ఒక కూడలి దగ్గర డ్రైవరు బండి ఆపేసి రేడియోలో అడిగాడు, "సిగ్నల్ వెలుగుతోందా, లేదా?" అని. వెలుగుతూనే ఉంది. సరిగ్గా దాని వెనకే దిగిపోతున్న సూర్యుడు. ఆయన కుర్చీలో కూర్చుని నేనూ చూశాను, ఏమీ కనిపించలేదు. ఆ డ్రైవరు ఆగాడు కాబట్టి సరిపోయింది, ఊహించుకుని ముందుకు పోయుంటే ఏమయ్యేదో. తర్వాత సిగ్నల్ చుట్టూ పెద్ద నల్లటి పలక పెట్టి, కొంచెం కోణం మార్చారు. ఇది ఏ లెక్కల్లోనూ దొరికేది కాదు, ఆ పూట ఆ చోట నడిపితేనే దొరికింది.

ఫైర్ సిబ్బందితో డ్రిల్ కూడా ఇలాంటిదే. చాలా లైట్ రైల్ లైన్లలో పైన వైరులో ఉండేది 750 వోల్టుల డీసీ కరెంటు. ట్రామ్‌లో పొగ వచ్చిందనుకోండి, ఫైరింజన్ ఐదు నిమిషాల్లో వచ్చేసింది కూడా. కానీ కరెంటు తీసేశారని వాళ్లకు ఎవరు చెప్పాలి, ఏ నంబరుకు చెప్పాలి, తీసేశారని ఎలా నిర్ధారించుకోవాలి, ఇవి తెలియకపోతే వాళ్లు నిచ్చెన ఎత్తలేరు. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషిని, కళ్లు కనిపించని మనిషిని, పసిపిల్లతో ఉన్న తల్లిని స్టేషన్ లేని చోట బండి నుంచి ఎలా దించుతారో నిజం మనుషులతోనే చేసి చూడండి. ఆఫీసులోని కుర్రాళ్లను ఎక్కించి గబగబా దింపేసి టైం రాసుకుంటే అది డ్రిల్ అనిపించుకోదు.

ఇక అసలు విషయం, ట్రయల్ రన్. టెస్టింగ్ అంతా అయ్యాక, ప్రయాణికులు లేకుండా, అన్ని బండ్లతో, పూర్తి టైంటేబుల్ ప్రకారం, రేపు జనం ఎక్కుతారన్నట్టుగానే కొన్ని రోజులు వరసగా నడపడం. ఒక రకంగా ఇది ఆఖరి పరీక్ష. మీరు తేదీ ఒత్తిడి భరించలేక పాస్ మార్కులు దించేది కూడా సాధారణంగా ఇక్కడే. ఇలా జరిగిందని ఏకంగా బహిరంగ విచారణలోనే తేలిన లైను ఒకటుంది. కెనడా రాజధాని ఒట్టావాలోని కాన్ఫెడరేషన్ లైన్.

పన్నెండున్నర కిలోమీటర్లు, 13 స్టేషన్లు. 2018లో అప్పగించాల్సింది, గడువు మీద గడువు దాటింది. 2019 జులై చివర్లో ట్రయల్ రన్ మొదలైంది. 12 రోజుల పరీక్ష. బండ్లు తిరగాల్సిన కిలోమీటర్లలో సగటున 98 శాతం తిరగాలి అన్నది గీత. మొదటి రోజుల్లో ఫలితాలు బాగా రాలేదు. అప్పుడు గీతే మారింది. 98 కాస్తా 96 అయింది, 12 రోజులకు బదులు వాటిలో 9 రోజుల సగటు చూస్తే చాలన్నారు. ఈ మార్పు సంగతి నగర కౌన్సిల్‌కి చెప్పలేదు. లైను పాసైంది, 2019 సెప్టెంబర్ 14న తెరిచారు. మూడు వారాలకే దానికి సమాంతరంగా నడుస్తున్న బస్సులు తీసేశారు. ఆ వెంటనే తలుపుల లోపాలతో రైళ్లు నిలిచిపోవడం, ప్లాట్‌ఫాంల మీద జనం కిక్కిరిసిపోవడం, చలికాలం రాగానే చక్రాలు అరిగి చదును పడి బండ్లు సరిపోకపోవడం. వెనక్కి పోదామంటే బస్సులు లేవు.

2021 ఆగస్టులో ఒక బండి పట్టాలు తప్పింది, అందులో ప్రయాణికులు లేరు. ఇరుసు దగ్గరి బేరింగ్ దెబ్బతిని చక్రం విడిపోయింది. ఆరు వారాలకే సెప్టెంబర్ 19న ఇంకో బండి ప్రయాణికులతో సహా పట్టాలు తప్పింది, తప్పిన సంగతి తెలియకుండానే స్టేషన్ నుంచి బయల్దేరి ముందుకు పోయింది. రిపేరులో బోల్టులు సరిగా బిగించకపోవడం కారణమని తేలింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. దాదాపు రెండు నెలలు లైను మొత్తం మూతపడింది. న్యాయమూర్తి విలియం హౌరిగన్ ఆధ్వర్యంలో విచారణ జరిగి 2022 నవంబర్‌లో నివేదిక వచ్చింది. మార్చిన గీత గురించి, కౌన్సిల్ నుంచి దాచడం గురించి అందులో చాలా కటువుగా రాశారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 98ని 96 చేసినందుకే 2021లో బేరింగ్ విరిగిందని నేను అనట్లేదు, అలా అనడం తప్పు. బేరింగ్ కథ వేరు, బోల్టుల కథ వేరు. నేను చూస్తున్నది ఇంకో చోట. పరీక్ష బాగా రానప్పుడు "ఎందుకు రాలేదు" అని అడగాల్సిన చోట "ఎంత తగ్గిస్తే వస్తుంది" అని అడిగారు. ఒక సంస్థ మొదటి నెలలోనే ఇలా అడగడం అలవాటు చేసుకుంటే, తర్వాత మూడో ఏటో నాలుగో ఏటో డిపోలో ఒక మెకానిక్ "ఈ బోల్టు మీద నాకు అనుమానంగా ఉంది, ఈ బండి రేపు పంపొద్దు" అని చెప్పడానికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? పైవాళ్లు ఏం వినాలనుకుంటున్నారో కిందివాళ్లకి ట్రయల్ రన్‌లోనే తెలిసిపోతుంది. నేను కింద పనిచేసినవాణ్ణి, నాకు తెలుసు. మా సూపర్‌వైజరు ఫెయిల్ అని రాసిన కాగితాన్ని ఒకసారి పై ఆఫీసు నుంచి "పరిశీలనలో ఉంది" అని మార్చి రాయమన్నారు. ఆయన మార్చలేదు. ఆ తర్వాత నుంచి ఆయన్ని మీటింగులకు పిలవడం తగ్గింది, అది మేమందరం గమనించాం.

ఇంకో లైను గురించి చెప్పాలి, ఇది రాయడానికి బాధగా ఉంటుంది. లండన్ దక్షిణాన క్రోయిడన్ ట్రామ్ 2000లో తెరిచారు. శాండిలాండ్స్ దగ్గర ఒక సొరంగం, దాని తర్వాత గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మాత్రమే దాటాల్సిన మలుపు. 2016 నవంబర్ 9 తెల్లవారుజామున, చీకట్లో, వానలో ఒక ట్రామ్ ఆ మలుపులోకి 73 కిలోమీటర్ల వేగంతో వచ్చి బోల్తా పడింది. ఏడుగురు చనిపోయారు, 62 మంది గాయపడ్డారు. కిటికీ అద్దాలు పగిలి జనం బయటికి పడిపోయారు. ఎమర్జెన్సీ లైట్లు వెలగలేదు. డ్రైవరు తానెక్కడున్నాడో తనకే తెలియని స్థితిలోకి, బహుశా ఒక్క క్షణం కునుకులోకి జారి ఉంటాడని దర్యాప్తు చెప్పింది. డ్రైవరు స్పృహ తప్పితే పట్టుకోవాల్సిన పరికరం బండిలో ఉంది, కానీ అలాంటి కునుకును అది పట్టుకోలేదు. వేగాన్ని తనంతట తానే తగ్గించే ఏర్పాటు ఏదీ అక్కడ లేదు.

ఆ మలుపు 16 ఏళ్లుగా అక్కడే ఉంది. మొదటి రోజు కూడా అదే మలుపు, అదే చీకటి, అదే సొరంగం. అంతకంటే గుండె కలుక్కుమనేది ఇంకొకటుంది. ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందు, అక్టోబర్ 31న, ఇంకో ట్రామ్ అదే మలుపును 45 కిలోమీటర్ల వేగంతో దాటింది, ఎలాగో పట్టాల మీద నిలిచింది. ఆ సంగతి అందాల్సినవాళ్లకు అందాల్సినట్టు అందలేదు.

అందుకని మీ టెస్టింగ్ ప్లాన్‌లో ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి. మా డ్రైవరు బాగా శిక్షణ పొందినవాడే, మంచివాడే, కానీ ఒక తెల్లవారుజామున పది సెకన్లు అతను లేడనుకుంటే ఏమవుతుంది? లైనులో ప్రతి పదునైన మలుపు దగ్గరా, ప్రతి వాలు కిందా ఈ ప్రశ్న వేసి బండి దానికదే ఆగుతుందో లేదో నిజంగా నడిపి చూడండి. "డ్రైవరు చూసుకుంటాడు" అన్నది జవాబు కాదు. ట్రయల్ రన్ రోజుల్లో డ్రైవర్లు చెప్పే ప్రతి చిన్న "అమ్మయ్య తప్పింది" సంఘటననీ రాసుకునే పుస్తకం పెట్టండి. చెప్పినవాళ్లని మందలించకండి. ఆ పుస్తకం ఖాళీగా ఉంటే సంబరపడకండి, డ్రైవర్లు చెప్పడానికి భయపడుతున్నారేమో కనుక్కోండి.

గంట గురించి కూడా. చాలామందికి ఇది చిన్న విషయం అనిపిస్తుంది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 2018 సెప్టెంబర్‌లో ఒక పాదచారి ట్రామ్ ఢీకొని చనిపోయారు. ట్రామ్ హెచ్చరిక శబ్దం చాలినంత గట్టిగా లేకపోవడం దర్యాప్తులో పెద్ద విషయమైంది. లైను తెరిచి అప్పటికి నాలుగేళ్లు దాటింది. గంట మోగుతుందా లేదా అని చూస్తే పాస్ అవుతుంది. నిజంగా వీధిలో, లారీ పక్కనుంచి పోతుండగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మనిషికి, వినికిడి కాస్త తగ్గిన పెద్దావిడకి అది ఎంత దూరం నుంచి వినిపిస్తుందో చూశారా? అలాగే రోడ్డు మీది పట్టా గాడిలో సైకిల్ టైరు దిగిపోతుంది. సైకిల్ తొక్కేవాళ్లను పిలిచి, తడి రోజున, మీ కళ్లెదుట ప్రతి కూడలి దాటించి చూడండి.

ఆగితే ఏమవుతుందని అడుగుతారేమో. అమెరికాలోని సియాటిల్‌లో లైట్ రైల్ కొత్త లైను 2023లో తెరవాల్సింది. తేలే వంతెన మీదుగా సరస్సు దాటే లైను అది. పట్టాల కింద పోసిన సిమెంటు దిమ్మెల్లో లోపాలు బయటపడ్డాయి. అధికారులు సర్దుకుపోలేదు. పెద్ద ఎత్తున పగలగొట్టి మళ్లీ పోశారు. వంతెన భాగం ఆలస్యమైంది, సిద్ధంగా ఉన్న భాగాన్ని మాత్రం విడిగా 2024 ఏప్రిల్ 27న తెరిచారు. జనం విసుక్కున్నారు, వార్తల్లో తిట్లు పడ్డాయి, ఖర్చు పెరిగింది. నా దృష్టిలో అది ఆ అధికారులు తమ జనానికి చేసిన మేలు. విసుక్కున్నవాళ్లు కూడా చివరికి దాన్నే ఎక్కుతారు.

కాబట్టి మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను. ట్రయల్ రన్‌కి ముందే పాస్ గీత బయటపెట్టండి. ఎన్ని రోజులు వరసగా, రోజుకి ఎంత శాతం, ఏ లోపం వస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అన్నీ రాయండి. రోజూ సాయంత్రం ఆ రోజు ఫలితం ఒక్క పేజీలో పెట్టండి, ఫెయిలైన రోజు కూడా. ఫెయిలైన రోజు చూసి జనం భయపడతారని మీరు అనుకుంటారు. ఫెయిలై, ఎందుకో కనుక్కుని, సరిచేసి, మళ్లీ నడిపి పాసైన లైను మీద జనానికి నమ్మకం పెరుగుతుంది, నా వరకు నేను అలాంటి లైనే ఎక్కుతాను. సేఫ్టీ చూసే స్వతంత్ర నిపుణుడు ప్రారంభ తేదీతో సంబంధం ఉన్న ఎవరికీ జవాబుదారీగా ఉండకూడదు, ఆయన రిపోర్టు మీరు దిద్దకుండా బయటికి రావాలి. తెరిచాక మొదటి నెలలు తక్కువ బండ్లతో, తక్కువ గంటలు నడపండి, పాత బస్సుల్ని అప్పుడే తీసేయకండి, కొత్త లైను కుదురుకునేదాకా ఉంచండి.

ప్రతి ప్రాజెక్టులోనూ ఇంకా తేలని పనుల జాబితా ఒకటి ఉంటుంది. మేం ఓపెన్ ఐటమ్స్ అనేవాళ్లం. ప్రారంభ తేదీ దగ్గరపడే కొద్దీ ఆ జాబితా చిక్కిపోతూ ఉంటుంది, కొన్నిసార్లు పని అయిపోయి, కొన్నిసార్లు "తెరిచాక చేద్దాం" అన్న ఇంకో జాబితాలోకి మారిపోయి. బయటివాళ్లకు ఈ రెండో జాబితా కనిపించదు. మీరు ఈ ఉత్తరానికి జవాబు రాయాలనుకుంటే నాకు పెద్ద వివరణలు వద్దు. ఇవాళ్టికి ఆ మొదటి జాబితాలో సేఫ్టీకి సంబంధించినవి ఎన్ని ఉన్నాయి, రెండో జాబితాలోకి మార్చినవి ఎన్ని, మార్చమని సంతకం పెట్టింది ఎవరు, ఈ మూడూ చెప్పండి.

ఇట్లు,
ఒకప్పటి టెస్టింగ్ ఉద్యోగి, రేపటి ప్రయాణికుడు